14,317 ఓట్ల దారిలో నాలుగు రోజులు

2019 ఏప్రిల్ 10 సాయంత్రం మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య వచ్చి, ఓటు వేయడానికి ఊరికి వెళ్తున్నామనీ, రెండు రోజులు పనికి రాననీ చెప్పింది. అప్పుడు నేనూ బ్యాగు సర్దుకుంటున్నాను. నా ఓటు సూర్యాపేట దగ్గర మా పుట్టింటి ఊళ్లో ఉండేది. మర్నాడు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒకే రోజు పోలింగ్. గుంటూరు వాళ్లు, భీమవరం వాళ్లు, కర్నూలు వాళ్లు ముందే బయలుదేరి వెళ్లిపోయారు. ఆ రాత్రి చందానగర్‌లోని మా అయిదంతస్తుల భవనంలో దీపం వెలిగిన ఇళ్లు నాలుగో అయిదో.

మే 23న లెక్కింపు. మా చేవెళ్ల లోక్‌సభ స్థానంలో టీఆర్ఎస్ తరఫున గెలిచిన రంజిత్ రెడ్డికి 5,28,148 ఓట్లు, కాంగ్రెస్ తరఫున ఓడిన కొండా విశ్వేశ్వర్ రెడ్డికి 5,13,831 ఓట్లు. తేడా 14,317. పన్నెండు లక్షలకు పైగా ఓట్లు పోలైన చోట అంతే తేడా. వాచ్‌మన్ వాళ్ల ఊరు తాండూరు అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గర. ఆ ఊరూ మా వీధీ ఒకే నియోజకవర్గమని నాకు తెలిసింది ఆ రోజే. ఆ లెక్కలో ఆమె ఓటు ఉంది. పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్న నా ఓటు లేదు.

తర్వాత ఓటు ఇక్కడికి మార్పించుకున్నాను. 2024 మే 13న చందానగర్‌లో మొదటిసారి ఓటేశాను. వేలిమీద సిరాతో బయటికి వచ్చాక మనసు చివుక్కుమంది. నేను ఎన్నుకున్న మనిషి ఎవరెవరికి ప్రతినిధో, వాళ్లు ఏం తింటారో, ఏం పని చేస్తారో నాకు తెలియదు. లింగంపల్లి దాటి నేను చూసింది ఏమీ లేదు. ఈ సంక్రాంతి తర్వాత నాలుగు రోజులు సెలవు పెట్టి, బాబాయిని వెంటబెట్టుకుని వెళ్లి చూసి వచ్చాను. వచ్చి రెండు రోజులే అయింది. చెప్పుల అంచుల్లో తాండూరు రాతిపొడి ఇంకా ఉంది.

మంగళవారం: మీర్‌పేట నుంచి చేవెళ్ల

బాబాయి రంగారెడ్డి జిల్లాలో సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఎన్నో ఎన్నికల్లో పోలింగ్ డ్యూటీ చేశారు. ఉండేది మీర్‌పేటలో. అదీ చేవెళ్ల నియోజకవర్గమే, మహేశ్వరం సెగ్మెంటు. హైదరాబాద్ పటాన్ని బల్లమీద పరచి వేలితో గీత గీసి చూపించారు. తూర్పున మహేశ్వరం, మధ్యలో రాజేంద్రనగర్, పైన శేరిలింగంపల్లి, పడమటికి వెళ్తే చేవెళ్ల, పరిగి, వికారాబాద్, తాండూరు. ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, 2024 నాటికి 29 లక్షలకు పైగా ఓటర్లు. నగరాన్ని పడమటి వైపు నుంచి చేత్తో పట్టుకున్నట్టు ఉంటుంది ఆ ఆకారం.

2008 పునర్విభజనకు ముందు ఈ స్థానమే లేదు. చేవెళ్ల, వికారాబాద్, తాండూరు అప్పట్లో హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో ఉండేవి. పాతబస్తీ గల్లీలూ తాండూరు బండల గనులూ ఒకే ఎంపీ కింద. 1984 నుంచి 1999 దాకా ప్రతిసారీ సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ గెలిచారు. 1996లో ఆయన మీద వెంకయ్యనాయుడు పోటీ చేశారు. "అప్పుడు మేము తాండూరు వైపు ఎంత తిరిగినా, ఫలితం చార్మినార్ చుట్టుపక్కలే తేలిపోయేది" అన్నారు బాబాయి. పల్లెల ఓటుకు బరువు వచ్చింది 2009లో అని ఆయన నమ్మకం.

పిన్ని పులిహోర, మిగిలిన సకినాలు కట్టి ఇచ్చింది. మొయినాబాద్‌లో దిగి ఒక టీ కొట్టు దగ్గర నిలబడ్డామో లేదో, తెల్లచొక్కా ఆయన ఒకరు దగ్గరికి వచ్చి "ఎన్ని గజాలు చూస్తున్నారు మేడమ్?" అని అడిగారు. ఇటు వైపు కొత్త ముఖం కనబడితే స్థలం కొనడానికే వచ్చారనుకుంటారు. కొనడానికి కాదని చెప్పినా నమ్మలేదు. టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు, ఫోను నంబరు రాసిచ్చి మరీ వెళ్లారు. ఆ మర్యాద నాకు నచ్చింది, బాధ కూడా కలిగింది. ఇక్కడ మనిషిని పలకరించే మాట కూడా గజాలతోనే మొదలవుతోంది.

దానికి వెనక పెద్ద కథ ఉంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహకాన్ని కాపాడేందుకు 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో భారీ కట్టడాలు, కాలుష్యం తెచ్చే పరిశ్రమలు ఉండరాదన్నారు. పక్కనే కోకాపేటలో ఎకరం కోట్లు పలుకుతుంటే, రోడ్డుకు ఇవతల రైతు భూమికి ఆ ధర రాలేదు. ఎన్నికల్లో అన్ని పార్టీలూ ఈ మాట ఎత్తాయి. 2022లో 69 జీవో తెచ్చి ఆంక్షలు సడలిస్తున్నామన్నారు. టీ కొట్టు యజమాని మాటలో చెప్పాలంటే, "చెరువు నీళ్లు తాగేది పట్నం, పస్తులుండేది మేము." ఆయన బాధలో న్యాయం ఉంది. గండిపేట నీళ్లతో పెరిగిన నగరం కనీసం ఆ మాట వినాలి. అయినా జలాశయాల పక్కన భవనాలు లేస్తే మూసీకి మళ్లీ ఏం జరుగుతుందోనన్న భయం నాకు పోలేదు. ఆ రెండూ ఆయనతో చెప్పాను. ఆయన తల ఊపి, ఇంకో టీ పోశారు.

మొయినాబాద్ దాటాక మర్రిచెట్లు. ఫొటోల్లో చూశాను కానీ వాటి కిందుగా బస్సు వెళ్తుంటే అది వేరు. రెండు వైపుల కొమ్మలు మీద కలిసిపోయి ఉన్నాయి. ఊడలు రోడ్డు అంచున నేలను పట్టుకున్నాయి. రోడ్డు వెడల్పు చేయాలంటే చెట్లు పోతాయి, చెట్లు నిలపాలంటే రోడ్డు ఇరుకు. ఈ తగవు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. 2025 నవంబర్‌లో మీర్జాగూడ దగ్గర తాండూరు ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొన్న చోటు దాటుతుంటే బస్సులో ఉన్నవాళ్లంతా మాటలు ఆపేశారు. ముందు సీటులోని పెద్దామె కళ్లు మూసుకుని నమస్కారం పెట్టింది. చెట్లను ప్రేమించే మనిషిని నేను. కానీ ఆ నిశ్శబ్దంలో కూర్చున్నాక, రోజూ ఈ దారిన వెళ్లేవాళ్ల ముందు చెట్ల గురించి ఒక్క ముక్క మాట్లాడలేకపోయాను.

చేవెళ్లలో బాబాయి పాత సహోద్యోగి ఇంట్లో బస. రాత్రి భోజనంలో చిక్కుడుకాయ కూర, పచ్చిపులుసు. తిన్నాక ఆ ఇద్దరు మాస్టార్లూ వాకిట్లో అరుగు మీద సుద్దముక్కతో లెక్క వేశారు. నేను పక్కన కూర్చుని చూశాను.

2014లో కొండా విశ్వేశ్వర్ రెడ్డి కారు గుర్తు మీద 73,023 ఆధిక్యంతో గెలిచారు. 2019లో చేయి గుర్తు మీద నిలబడి 14,317తో ఓడారు. 2024లో కమలం గుర్తు మీద నిలబడి 1,72,897 ఆధిక్యంతో గెలిచారు. రంజిత్ రెడ్డి 2019లో కారు, 2024లో చేయి. అంటే 2019లో చేయి గుర్తు నొక్కిన మనిషి విశ్వేశ్వర్ రెడ్డికి వేసినట్టు. అయిదేళ్ల తర్వాత అదే గుర్తు నొక్కితే ఆయన ప్రత్యర్థికి వేసినట్టు. ఇద్దరు మనుషులు, మూడు గుర్తులు. సుద్దతో గీసిన బాణాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లాయి. "చదువు రాని ముసలివాళ్లకు గుర్తే ఆధారం. ఆ ఆధారాన్ని ఇలా కదిపితే ఎలా?" అని ఆ మాస్టారు నిజంగా బాధపడ్డారు.

తర్వాత ఆయన చెప్పిన మాట ఈ ప్రయాణమంతా నా వెంట వచ్చింది. నాలుగు లోక్‌సభ ఎన్నికలైనా ఈ స్థానం ఒక్క సిట్టింగ్ ఎంపీని కూడా వెంటనే మళ్లీ గెలిపించలేదు. 2009లో కాంగ్రెస్ తరఫున గెలిచిన జైపాల్ రెడ్డి 2014లో పోటీకి మహబూబ్‌నగర్ వెళ్లారు. 2014లో గెలిచిన ఆయన 2019లో ఓడారు. 2019లో గెలిచిన ఆయన 2024లో ఓడారు.

ఇక చేవెళ్ల అసెంబ్లీ సీటు సంగతి. 2023లో కాలె యాదయ్య బీఆర్ఎస్ (టీఆర్ఎస్ కొత్త పేరు) తరఫున 268 ఓట్లతో గెలిచారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తంలో అదే అతి తక్కువ ఆధిక్యం. మరుసటి ఏడాది ఆయన కాంగ్రెస్‌లో చేరారు. "మా వీధిలో పెళ్లికి వచ్చే జనం కంటే తక్కువ, 268" అంది ఆ ఇంటి కోడలు, అరిసెల డబ్బా ముందు పెడుతూ. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి పాదయాత్ర మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. అప్పుడు తనకు పన్నెండేళ్లనీ, ఎండలో నాన్న భుజమెక్కి చూశాననీ ఆమె చెప్పింది.

బుధవారం: దారి తప్పి పరిగి, తర్వాత వికారాబాద్

మన్నెగూడ దగ్గర రోడ్డు చీలుతుంది. నేరుగా వెళ్తే పరిగి, కుడికి తిరిగితే వికారాబాద్. మేము ఎక్కింది వికారాబాద్ బస్సే అనుకున్నాం. బోర్డు చూడలేదు. కండక్టర్ నాకు సున్నా టికెట్టు, బాబాయికి డబ్బు టికెట్టు కొట్టేటప్పుడు "పరిగే కదా?" అని అడిగితే ఇద్దరం మాటల్లో పడి తల ఊపేశాం. మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడం వల్ల బస్సు నిండా ఆడవాళ్లే. ఒకామె వికారాబాద్ ఆసుపత్రిలో ఉన్న అక్కకు అన్నం పట్టుకెళ్తోంది, ఆమె కూడా మాలాగే బస్సు తప్పింది. పరిగిలో దిగాక ముగ్గురం కలిసి ఇంకో బస్సు కోసం నిలబడ్డాం. గంట దాకా రాలేదు. ఆమె క్యారియర్ చల్లారిపోతుందని దిగులు పడింది.

ఆ గంటలోనే పరిగి మాకు అన్నం పెట్టింది. బస్టాండు ఎదురుగా ఒక రేకుల షెడ్డు మెస్. జొన్నరొట్టె 20 రూపాయలు, కూర అడిగినంత. రొట్టె చేస్తున్నామెను చూస్తూ ఉండిపోయాను. వేడినీళ్లతో కలిపిన పిండిని అరచేతి మడమతో మెదిపి, ముద్దను పీటమీద పెట్టి, వేళ్లు కలిపి తట్టడం. చెయ్యి ఆడుతుంటే ముద్ద తనంతట తాను తిరుగుతున్నట్టు ఉంటుంది. అంచు ఎక్కడా పగలదు. పెనం మీద వేసి, తడిగుడ్డతో ఒకసారి తుడిచి, తిప్పి, సెగ మీద పెట్టగానే పొంగుతుంది. మెత్తటి రొట్టె మీద వెల్లుల్లి వేసి దంచిన పల్లీకారం, పక్కన వంకాయ కూర. ఇద్దరికీ కలిపి 120 రూపాయలు. మూడోసారి కూర వడ్డిస్తూ "సర్వేకు వచ్చారా?" అని అడిగింది. పరిగిలో మేము సర్వేవాళ్లం. మొయినాబాద్‌లో భూములు కొనేవాళ్లం. సర్వే కాదని చెప్పాక నెమ్మదిగా మాట కలిపింది. ఆమె భర్త శంషాబాద్ దగ్గర కట్టడం పనిలో ఉన్నాడట. ఓటుకు మాత్రం వస్తాడట. వచ్చిపోవడానికి రెండు రోజుల కూలి పోతుంది. అయినా వస్తాడు. ఎందుకని అడిగితే, "రాకపోతే ఊళ్లో లేనట్టే కదమ్మా" అంది.

మధ్యాహ్నానికి వికారాబాద్ చేరాం. అక్కడి నుంచి ఆటోకు రానుపోను 400 రూపాయలకు మాట్లాడుకుని బాబాయి 2009 ఏప్రిల్ 16న ప్రిసైడింగ్ అధికారిగా పనిచేసిన పల్లెకు వెళ్లాం. బడికి కొత్త గదులు వచ్చాయి. పాత గది తాళం వేసి ఉంది. కిటికీ ఊచల్లోంచి చూపిస్తూ చెప్పారు: ముందు రోజు సాయంత్రం యంత్రాలతో దిగడం, రాత్రి బల్లలు కలిపి పడుకోవడం, పొద్దున్నే ఏజెంట్ల ముందు నమూనా పోలింగ్ జరిపి, ఆ ఓట్లు తుడిచేసి, సీలు వేసి అసలు పోలింగ్ మొదలుపెట్టడం. ఊరి పెద్ద ఒకరు భోజనం పంపిస్తే తీసుకోలేదు. ఏ పార్టీ మనిషి ఇంటి అన్నమూ తినకూడదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకు డబ్బులిచ్చి పప్పు, అన్నం వండించుకున్నారు. "ఆ పప్పు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది" అన్నారు.

సాయంత్రం ముగింపులో 17సి పత్రం నింపడం గురించి ఆయన చెబుతుంటే గొంతు మారింది. యంత్రంలో పోలైన ఓట్లు ఎన్నో ఆ పత్రంలో రాసి, సంతకం పెట్టి, ప్రతి ఏజెంటుకూ ఒక నకలు ఇవ్వాలి. లెక్కింపు రోజున యంత్రం చూపే సంఖ్య ఆ పత్రంతో సరిపోవాలి. "మనం దిద్దే పరీక్ష పేపర్లో ఒక మార్కు తప్పితే పిల్లవాడు వచ్చి అడుగుతాడు. ఇక్కడ తప్పితే అడగడానికి ఎవరికీ తెలియదు. అందుకే మూడుసార్లు చూసేవాణ్ని."

ఆ ఎన్నికలో జైపాల్ రెడ్డి 4,20,807, తెలుగుదేశం అభ్యర్థి జితేందర్ రెడ్డి 4,02,275. తేడా 18,532. అయిదేళ్ల తర్వాత అదే ఇద్దరు మహబూబ్‌నగర్‌లో తలపడ్డారు. అక్కడ టీఆర్ఎస్ తరఫున నిలబడ్డ జితేందర్ రెడ్డి 2,590 ఓట్లతో జైపాల్ రెడ్డిని ఓడించారు. బడి పక్కింటి తాత ఒకరు మమ్మల్ని చూసి వచ్చారు. జైపాల్ రెడ్డి ఊతకర్రలతో వేదిక మెట్లు ఎక్కడం తాను చూశానన్నారు. "మాట మాత్రం తడబడలేదు. మాకు సగం అర్థమయ్యేది కాదు, అయినా వినాలనిపించేది." 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీద పోటీ చేసి ఓడిన మనిషి ఆయన. ఆ సంగతీ తాతకు గుర్తుంది.

చీకటి పడేలోగా అనంతగిరి ఎక్కాం. పద్మనాభస్వామి గుడి మెట్ల దగ్గర కాల్చిన మొక్కజొన్న కంకి 30 రూపాయలు, నిమ్మకాయ, ఉప్పు, కారం. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. ఇక్కడి నుంచి దిగిన నీళ్లే గండిపేటకు చేరతాయి. నిన్న టీ కొట్టు ఆయన చెప్పిన మాట మళ్లీ గుర్తొచ్చింది. చలి బాగా ఉంది. బాబాయి శాలువా నాకు కప్పి, తాను మఫ్లరు చుట్టుకున్నారు.

గురువారం: తాండూరు

పొద్దున రైల్లో తాండూరు. దిగగానే కళ్లకు ముందు తగిలేది తెల్లటి పొడి. చెట్ల ఆకుల మీద, గోడల మీద, కట్టిన దుకాణాల రేకుల మీద అదే. పాలిష్ యూనిట్ల వరుసలో ఒక యూనిట్‌లోకి అనుమతి అడిగి వెళ్లాం. గని నుంచి వచ్చిన బండను రంపం మీదికి తోస్తారు, నీళ్లు ధారగా పడుతుంటే అంచు నిటారుగా తెగుతుంది. పక్కన ఇద్దరు ఆడవాళ్లు తడిబండలను నిలబెట్టి వరుసగా ఆరబెడుతున్నారు. బండ కింద వేళ్లు పెట్టి ఎత్తేటప్పుడు ఇద్దరూ ఒకేసారి ఊపిరి బిగబట్టడం వినిపించింది. ఒకామె గోళ్లు సగానికి అరిగి ఉన్నాయి. మా భవనం మెట్లకు వేసినవి ఇవే నీలి తాండూరు బండలు. రోజూ వాటి మీద నడుస్తున్నాను. చేతులు కడుక్కున్న నీళ్లలా పారవేసిన పాలపొడి రంగు నీరు యూనిట్ వెనక గుంటలో నిలిచి గట్టిపడి ఉంది.

2024లో విశ్వేశ్వర్ రెడ్డి ఎన్నికల అఫిడవిట్‌లో చూపిన కుటుంబ ఆస్తి 4,568 కోట్లు. ఆయన కె.వి. రంగారెడ్డి మనవడు, జిల్లాకు పెట్టింది ఆ తాత పేరే. ఆ యూనిట్‌లో ఈ సంగతి మేము ఎత్తలేదు, వాళ్లే ఎత్తారు. అందులో అసూయ వినబడలేదు. "అంత ఉన్నవాళ్లకు మా దగ్గర తీసుకునేది ఏమీ ఉండదు కదా" అన్నాడు రంపం దగ్గరి కుర్రాడు. అదే మాటకు పక్కనున్న పెద్దాయన ఒప్పుకోలేదు. "తీసుకోకపోవడం వేరు, మన దాకా రావడం వేరు." కాసేపు వాదించుకున్నారు. పని ఆగలేదు.

తాండూరు అసెంబ్లీ సీటుకూ చిన్న తేడాలు కొత్త కాదు. 2018లో రోహిత్ రెడ్డి కాంగ్రెస్ తరఫున 2,875 ఓట్లతో మంత్రి మహేందర్ రెడ్డిని ఓడించారు. తర్వాత టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2023లో ఆయన్ను కాంగ్రెస్ అభ్యర్థి ఓడించారు. ఈ వైపు ఎవరిని కదిపినా ఏ ఊళ్లో ఎన్ని ఓట్లు ఎటు పోయాయో వేళ్ల మీద చెబుతారు. చందానగర్‌లో నాకు ఎదురింటివాళ్లు ఓటేశారో లేదో కూడా తెలియదు.

మధ్యాహ్నం వాచ్‌మన్ వాళ్ల ఊరు. ఆయన తల్లి మా కోసం చూస్తూ వాకిట్లోనే కూర్చుంది. కోడలికి ఆమె మేనత్త కూడా. కోడలు ఫోనులో ముందే చెప్పింది, "మా మేడమ్ వస్తోంది, కాళ్లు కడుక్కోవడానికి వేడినీళ్లు పెట్టు" అని. నిజంగానే పెట్టింది. మూడు రోజుల్లో మమ్మల్ని ఎవరూ ఎందుకు వచ్చారని అడగని ఇల్లు ఇదొక్కటే.

కందిపప్పు ఆమె చేలోది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని బాబాయి చెబితే, "పేరు వస్తే ధర వచ్చిందా మరి?" అని అడిగింది. పప్పు ఉడకబెట్టి, వెల్లుల్లి తాలింపు పెట్టి, పచ్చిమిరపకాయ తుంచి వేసింది. వేరే ఏమీ లేదు. అన్నంలో కలిపిన మొదటి ముద్దకే బాబాయి నా వైపు చూశారు. 2009 నాటి బడి పప్పు దొరికిందని ఆ చూపు. రెండోసారి అడిగి వేయించుకున్నాం.

తిన్నాక ఆమె అటక మీది నుంచి ఒక బిస్కెట్ల రేకు డబ్బా దింపింది. లోపల పట్టాదారు పుస్తకం, రేషన్ కార్డు, కింద దారంతో కట్టిన చీటీల కట్ట. ఓటరు చీటీలు. ఒక్కటీ పారేయలేదు. పైది 2024ది, ఇంకా తెల్లగా ఉంది. దాని కింద 2019ది, మడత దగ్గర పసుపు మరక. అన్నిటికంటే కింద ఉన్నది చేత్తో రాసిన చిన్న కాగితం, పార్టీవాళ్లు ఇచ్చింది, సిరా వెలిసిపోయింది, వరుస సంఖ్య మాత్రం కనబడుతోంది. మధ్యలో ఒక చీటీ మీద మగమనిషి ఫొటో. ఆమె భర్త. 2014లో ఓటేశాడు, తర్వాతి ఎన్నికకు లేడు. ఆమెకు చదవడం రాదు. ఫొటోలు చూసి, మరకలు చూసి ఏది ఏ ఏటిదో చెబుతోంది. ఎవరికి వేసిందో ఆమె చెప్పలేదు. మేము అడగలేదు.

2019 చీటీ నా చేతిలో పెట్టుకుని, ఆ ఏడు తేడా 14,317 ఓట్లని చెప్పాను. ఆమెకు ఆ సంఖ్య పట్టుబడలేదు. "మన ఊరంత ఊళ్లు ఎన్ని?" అని అడిగింది. ఊళ్లో ఓట్లు దాదాపు రెండు వేలట. బాబాయి లెక్కగట్టి "ఏడు ఊళ్లు" అన్నారు. ఆమె చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ వేళ్లు మడిచింది. అక్క ఇచ్చిన ఊరు, సంత జరిగే ఊరు, పుట్టిల్లు. ఏడో వేలు మడిచాక ఆ చేతుల వైపే చూస్తూ, "ఇంతేనా!" అంది. అందులో సగం మంది, అంటే 7,159 మంది, అటు వేసినవాళ్లు ఇటు వేసి ఉంటే ఫలితం తిరగబడేదని బాబాయి చెప్పారు. ఆమె మూడు వేళ్లు విప్పి, నాలుగోది సగం విప్పి ఆగింది.

నేను రెండు వందల రూపాయలు చేతిలో పెట్టబోతే కోపం వచ్చింది ఆమెకు. పప్పు రెండు కిలోలు పాత చీర పేలికలో మూటగట్టి, "కోడలికి సగం, నీకు సగం" అని ఇచ్చింది.

శుక్రవారం: చందానగర్

తిరుగు రైల్లో కూర్చుని బాబాయి 2024 లెక్క మళ్లీ తీశారు. 1,72,897 ఆధిక్యం వచ్చాక దీన్ని గట్టి పోటీ స్థానం అనగలమా అని నా సందేహం. ఆయన అన్నది ఇది. గెలిచిన బీజేపీకి 8,09,882 ఓట్లు, కాంగ్రెస్‌కు 6,36,985, బీఆర్ఎస్ అభ్యర్థి కాసాని జ్ఞానేశ్వర్‌కు 1,78,968. ఆధిక్యం కంటే మూడోస్థానంలో ఉన్న మనిషి ఓట్లు ఆరు వేలు ఎక్కువ. 2019లో బీజేపీకి వచ్చింది 2,01,960 మాత్రమే. అయిదేళ్లలో ఆరు లక్షల ఓట్లు అటు నడిచిన చోట ఏదీ ఎవరి సొంతం కాదు. ఆ ఓట్లు మళ్లీ నడవగలవు. నాకు ఆయన మాట సరైనదే అనిపించింది.

ఆయన లింగంపల్లిలో దిగి మీర్‌పేట బస్సెక్కారు. నేను నడిచి ఇంటికి వస్తూ, నేను ఓటేసిన బడి ముందు కాసేపు ఆగాను. శేరిలింగంపల్లి సెగ్మెంటులో ఏడు లక్షలకు పైగా ఓటర్లు. రాష్ట్రంలో ఇంత పెద్ద సెగ్మెంటు లేదు. ఓటేసేది మాత్రం సగం మంది అటూ ఇటూ. బడి గోడ మీది నుంచి చూస్తే మా వైపు నాలుగు కొత్త టవర్లు కనబడతాయి. ఒక్కోదానిలో ఎన్ని ఇళ్లో, ఇంటికి ఎన్ని ఓట్లో గుణించుకుంటూ నిలబడ్డాను. ఏడు ఊళ్ల లెక్క ఆ వీధి చివరకే అయిపోయింది.

ఈ ప్రయాణానికి ఇద్దరికీ కలిపి అయిన ఖర్చు మూడు వేల లోపే. అందులో పెద్ద ఖర్చు వికారాబాద్ లాడ్జిదే. గది శుభ్రంగా లేదు, వేడినీళ్లు రాలేదు, అయినా 1,100 తీసుకున్నారు.

గేటు దగ్గర వాచ్‌మన్ భార్య ఎదురొచ్చి మూట అందుకుంది. అక్కడే కూర్చుని ముడి విప్పి, గుప్పెడు పప్పు తీసి వాసన చూసింది. తర్వాత స్టీలు గిన్నె తెచ్చి సగం కొలిచి నాకు పోసింది, తక్కువైందేమోనని ఇంకో గుప్పెడు వేసింది.

"మా అత్త చీటీల డబ్బా చూపించిందా?"

చూపించిందన్నాను.

"నావి కూడా ఉన్నాయా అందులో? పోయినసారి తొందరలో అక్కడే వదిలేసి వచ్చాను."

కట్టలో ఆమె పేరున్న చీటీలు రెండు ఉన్నాయి. 2019ది, 2024ది. ఆ మాట చెబితే లేచి, చీర కొంగుకు అంటిన పప్పు పొట్టు దులుపుకుంటూ భర్తను కేకేసి చెప్పింది, చీటీలు భద్రంగానే ఉన్నాయని.